బొగ్గు ఓడల మీద నిఘా కళ్ళు: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

రెండవ ప్రపంచ యుద్ధ కాలంలో బ్రిటన్ తీరం వెంబడి నడిచిన సరుకు ఓడలను జర్మన్ విమానాలు ఎలా కనిపెట్టేవి, ఆ నిఘా గురించి ఇప్పుడు పరిశోధించాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి అన్న విషయం మీద ఈ నెల మాకు ఐదు ఉత్తరాలు అందాయి. ప్రశ్నలన్నీ ఒకదానికొకటి దగ్గరగా ఉన్నందున ఈ సంచికలో శీర్షిక మొత్తాన్ని వాటికే కేటాయిస్తున్నాము.

ప్రశ్న: నేను ఇంగ్లండ్‌లోని సండర్‌లాండ్‌లో వైద్యురాలిగా పనిచేస్తున్నాను. ఇక్కడి స్థానిక చరిత్ర ప్రదర్శనలో ఒక ఓడరేవును ఆకాశం నుంచి తీసిన ఫోటో చూశాను. అంచున జర్మన్ భాషలో కొన్ని వరుసలు, బొమ్మ మీద ఎర్ర గీతలు, అక్షరాలు ఉన్నాయి. కింద 1940 అని మాత్రమే రాసి పెట్టారు. దీన్ని ఎందుకు తయారు చేశారు, ఎలా చదవాలి?
— ఒక పాఠకురాలు, సండర్‌లాండ్

జవాబు: మీ వర్ణనను బట్టి చూస్తే అది విమానం తెచ్చిన మామూలు నిఘా ఫోటో కాదు, జర్మన్ వైమానిక దళమైన లుఫ్ట్‌వాఫ తన బాంబర్ దళాలకు పంచిన లక్ష్య పత్రం. నెగటివ్ నుంచి నేరుగా వేసిన ప్రింటు వేరు. అదే ప్రింటు మీద రేవు హద్దులను ఎర్రగా గీసి, గోదాములకూ జెట్టీలకూ గుర్తులు వేసి, అంచున వివరాలు చేర్చి మళ్ళీ ముద్రించిన కాగితం వేరు. ఈ తేడా తెలియకపోతే తేదీ దగ్గరే పొరపాటు జరుగుతుంది.

మళ్ళీ ఆ ప్రదర్శనకు వెళ్ళినప్పుడు అంచునున్న వరుసలను ఓపికగా రాసుకోండి. ఇలాంటి పత్రాల్లో రహస్యమని తెలిపే ముద్ర, బొమ్మ సంఖ్య, ఫోటో తీసిన తేదీ, ఊరి పేరు, గ్రీనిచ్‌కు పడమరగా ఎంత రేఖాంశమో, ఎంత అక్షాంశమో, అక్కడ దిక్సూచి ముల్లు నిజమైన ఉత్తరం నుంచి ఎన్ని డిగ్రీలు పక్కకు తిరుగుతుందో, ఆ చోటు సముద్ర మట్టానికి ఎంత ఎత్తులో ఉందో, ఫోటో స్కేలు ఎంతో, దానికి సరిపోయే పటం ఏదో వరుసగా ఉంటాయి. దిక్సూచి లెక్క బాంబర్ నావిగేటర్ కోసం, ఎత్తు లెక్క బాంబు గురి కోసం. పత్రాన్ని వెలువరించిన విభాగం పేరు, వెలువరించిన నెల కూడా ఒక మూల కనిపిస్తాయి. చాలా వాటి మీద ఉండేది లుఫ్ట్‌వాఫ జనరల్ స్టాఫ్‌లోని 5వ విభాగం పేరు. పరాయి దేశాల వైమానిక బలాలను, లక్ష్యాలను అంచనా వేసే ఆ విభాగానికి 1938 నుంచి 1942 చివరి వరకు యోసెఫ్ ష్మిడ్ అధిపతిగా ఉన్నాడు. ఇక్కడ రెండు తేదీలు ఉండవచ్చునని గుర్తుంచుకోవాలి: ఫోటో తీసిన రోజు ఒకటి, పత్రం వెలువడిన నెల మరొకటి. పాత ఫోటోనే కొత్త పత్రానికి వాడుకున్న సందర్భాలు ఉన్నాయి కాబట్టి, ప్రదర్శనలో 1940 అని రాసినంత మాత్రాన ఆ రేవు 1940లో అలాగే ఉందని నిర్ధారించకూడదు.

ఫోటోలో ఓడలు ఎంత స్పష్టంగా తెలుస్తాయన్నది కెమెరా లెక్కను బట్టి తేలుతుంది. లుఫ్ట్‌వాఫ విరివిగా వాడిన ఆర్‌బి 50/30 అనే కెమెరాకు నాభ్యంతరం 50 సెంటీమీటర్లు, ఫిల్ము మీద పడే బొమ్మ 30 సెంటీమీటర్ల చదరం. 6,000 మీటర్ల ఎత్తు నుంచి నిట్టనిలువుగా కిందికి తీస్తే స్కేలు 1:12,000 అవుతుంది. ఒక్క బొమ్మలో 3.6 కిలోమీటర్ల చదరపు మేర పడుతుంది. 90 మీటర్ల పొడవున్న బొగ్గు ఓడ అందులో ఏడున్నర మిల్లీమీటర్లు, అంటే బియ్యపు గింజ కంటే కాస్త పొడుగు. ఆ కాస్తలోనే భూతద్దం పట్టిన నిపుణుడు చాలా చూస్తాడు. పొగగొట్టం ఓడ వెనుక భాగాన ఉందా మధ్యన ఉందా, సరుకు గదుల మూతలు ఎంత పొడవున్నాయి, నీడ ఎటు ఎంత దూరం పడింది, ఓడ సరుకుతో నీటిలోకి దిగి ఉందా ఖాళీగా పైకి తేలి ఉందా అన్నవన్నీ అందులో తెలుస్తాయి. లండన్‌కు బొగ్గు మోసిన ఓడల్లో కొన్నింటికి థేమ్స్ నది వంతెనల కింద నుంచి దూరేందుకు వీలుగా పొగగొట్టాన్ని పొట్టిగా, తెరచాప కొయ్యలను వెనక్కి వాల్చేలా కట్టేవారు. పొడవాటి నీడలు లేని అలాంటి ఓడను గుర్తుపట్టడం అనుభవం ఉన్నవాడికి కష్టం కాదు.

సండర్‌లాండ్ మీదే వాళ్ళకు అంత శ్రద్ధ ఎందుకంటే, ఆ ఊరున్న వేర్ నది, దాని పొరుగునున్న టైన్ నది మొగల నుంచీ బ్లైత్ రేవు నుంచీ దిగువకు నడిచిన బొగ్గే లండన్‌కు వెలుగూ వేడీ. బాటర్సీ, ఫుల్‌హామ్ విద్యుత్ కేంద్రాలు, బెక్టన్ గ్యాస్ ఫ్యాక్టరీ ఆ బొగ్గు మీదే నడిచేవి. అంత బరువును రైళ్ళు మాత్రమే మోయలేవు. అందువల్ల యుద్ధం వచ్చినా, నీటిలో పొంచి ఉండి ఓడలను పేల్చే మైన్లు పడినా, బాంబులు పడినా ఆ చిన్న ఓడలు ఆగడానికి వీల్లేకపోయింది. ఆ ఫోటో ముందు నిలబడినప్పుడు జెట్టీ పక్కనున్న ఒక్కొక్క గీతలో కొద్దిమంది నావికులు ఉన్నారన్న సంగతి తలచుకోవాలని నా మనవి.

ప్రశ్న: యుద్ధానికి ముందే జెప్పెలిన్ అనే ఒక జర్మన్ వాయునౌక బ్రిటన్ తీరం పక్కన తిరిగి ఓడలనూ రేవులనూ ఫోటోలు తీసిందని చదివాను. నిజమేనా?
— ఒక పాఠకుడు, రాజమహేంద్రవరం

జవాబు: తిరిగిన మాట నిజం. 1939 ఆగస్టు మొదటి వారంలో ఎల్‌జెడ్ 130 అనే గ్రాఫ్ జెప్పెలిన్ బ్రిటన్ తూర్పు తీరం వెంబడి ఉత్తరంగా ప్రయాణించింది. అయితే దాని అసలు పని ఓడలను చూడడం కాదు. తీరాన లేచిన ఎత్తైన రేడియో స్తంభాలు నిజంగా విమానాలను పసిగట్టే వ్యవస్థకు చెందినవేనా అని, వాటి సంకేతాలను వినడానికి లుఫ్ట్‌వాఫ సమాచార విభాగాధిపతి వోల్ఫ్‌గాంగ్ మార్టిని చేయించిన యాత్ర అది. అది తేల్చుకోలేకనే తిరిగి వెళ్ళింది.

ఫోటోల పని వేరే చోట జరిగింది. మొదటి ప్రపంచ యుద్ధంలో జర్మన్ నౌకాదళ విమానాల్లో పనిచేసిన థియోడోర్ రోవెల్ 1930లలో ఒక ప్రత్యేక నిఘా దళాన్ని కూడగట్టి, పౌర విమానాల రంగులూ నంబర్లూ వేసిన హైంకెల్ 111లతో పొరుగు దేశాల మీదుగా రహస్యంగా ఫోటోలు తీయించాడు. శాంతికాలపు తేదీ ఉన్న నిఘా ఫోటో ఎదురైతే ముందుగా ఈ దళాన్నే అనుమానించాలి.

ప్రశ్న: నేను విశ్రాంత నౌకాధికారిని. రేవు కదలదు కాబట్టి దాని ఫోటో రేపటికీ పనికొస్తుంది. కాన్వాయ్, అంటే కాపలాతో గుంపుగా నడిచే ఓడల వరుస, అలా కాదు. విమానం దిగి, ఫిల్ము కడిగి, ప్రింటు వేసేసరికి ఓడలు ఎన్నో మైళ్ళు వెళ్ళిపోతాయి. మరి నడిచే ఓడల మీద ఫోటో నిఘా వల్ల ఏమి ప్రయోజనం? ప్రతి దాడికీ ముందు నిఘా విమానం వచ్చిందని అనుకోవచ్చా?
— ఒక పాఠకుడు, కాకినాడ

జవాబు: సముద్రం తెలిసినవారు వేసే ప్రశ్న ఇది. ఈ విషయం మీద రాసే చాలామంది కలిపేసే రెండు పనులను మీరు విడదీశారు. ఓడరేవుల నిఘా కెమెరాతో జరిగింది. నడిచే కాన్వాయ్‌ల నిఘా ప్రధానంగా కంటితో, వైర్‌లెస్‌తో జరిగింది. పరిశోధకుడు వెతకవలసిన కాగితాలు కూడా ఈ రెంటికీ వేరువేరు.

ఫోటోలు కాన్వాయ్‌లకు పనికిరాలేదని కాదు. అవి దారిని చెప్పాయి. 1939 సెప్టెంబర్ నుంచే తూర్పు తీరాన కాన్వాయ్‌లు మొదలయ్యాయి. థేమ్స్ మొగలోని సౌత్‌ఎండ్ దగ్గర కూడి ఉత్తరంగా, స్కాట్లండ్‌లో ఫోర్త్ అఖాతం ఒడ్డునున్న మెథిల్ వరకు వెళ్ళేవాటికి ఎఫ్‌ఎన్ అనీ, అక్కడి నుంచి దక్షిణంగా వచ్చేవాటికి ఎఫ్‌ఎస్ అనీ పేర్లు, ఒక్కొక్కదానికి ఒక సంఖ్య. తీరానికి దగ్గరగా ఇసుక మేటలు, బయటివైపు బ్రిటన్ తానే పరచుకున్న మైన్ల అడ్డుకట్ట. ఈ రెంటి మధ్య రోజూ మైన్లు ఏరివేసి, నీటిపై తేలే బోయాలతో గుర్తు పెట్టిన ఇరుకు దారి ఒక్కటే వాటికి దిక్కు. అందులో రెండు వరుసలుగా, మైళ్ళ పొడవున, నెమ్మదిగా నడిచేవి. నడిసముద్రంలోని కాన్వాయ్ దారి తప్పించుకుని వెళ్ళగలదు. తీరపు కాన్వాయ్‌కు ఆ వెసులుబాటు లేదు. కాబట్టి జర్మన్లకు తెలియవలసింది ఓడలు ఎక్కడ వెళ్తాయన్నది కాదు, ఎప్పుడు వెళ్తాయన్నది. కూడే రేవుల్లో ఎన్ని ఓడలు లంగరు వేసి ఉన్నాయో, మైన్లు ఏరివేసిన దారి ఎటు మలుపు తిరుగుతుందో ఫోటోలు చెబితే, ఆ మలుపుల్లోనే మళ్ళీ విమానాల నుంచి మైన్లు జారవిడిచేవారు. 1939 నవంబర్‌లో థేమ్స్ మొగలోని షూబరీనెస్ బురదలో పడి దొరికిన మైన్ అలా ఆకాశం నుంచి పడినదే. నవంబర్ 23న జాన్ ఊవ్రీ దాన్ని విప్పిన తరువాతనే అయస్కాంత మైన్ గుట్టు బ్రిటన్ చేతికి చిక్కింది.

ఇక కంటి నిఘా. మొదట్లో ఈ పని ఎక్కువగా నౌకాదళంతో కలిసి పనిచేసే తీర విమాన దళాలది. డోర్నియర్ 18, హైంకెల్ 115 వంటి నీటి విమానాలు వాళ్ళవి, పరిశీలకులుగా చాలా చోట్ల నౌకాదళ అధికారులే కూర్చునేవారు. 1940 వేసవిలో నార్వే, హాలండ్, ఫ్రాన్స్ తీరాలు జర్మన్ల చేతికి వచ్చాక స్థావరాలు దగ్గరయ్యాయి. నార్వేలోని స్టావాంగర్, హాలండ్‌లోని ఐండ్‌హోవెన్ వంటి చోట్ల నుంచి దూరశ్రేణి నిఘా దళాలు ఉత్తర సముద్రం మీదికి బయల్దేరేవి. కాన్వాయ్ కనబడగానే ఆ విమానంలోని వైర్‌లెస్ మనిషి గళ్ళ పటంలో స్థానం, ఓడల సంఖ్య, దిశ, వేగం సంకేత భాషలో మోర్స్‌లో పంపేవాడు. ఫిల్ము కడిగేదాకా ఆగే పని లేదు.

ఆ మోర్స్‌ను బ్రిటన్ కూడా వినేది. స్టాఫర్డ్‌షైర్‌లోని చీడిల్ కేంద్రంలో విమానాల తేలికపాటి సంకేతాలను విప్పేవారు. 1940 వేసవిలో డోవర్ దగ్గరి హాకింజ్‌లో, ఆ తరువాత కింగ్స్‌డౌన్‌లో జర్మన్ భాష బాగా వచ్చిన వైమానిక దళ మహిళలు హెడ్‌ఫోన్లు పెట్టుకుని పైలట్ల మాటలను విని రాసుకునేవారు. ఫలానా కాన్వాయ్ జర్మన్ల కంట పడిందని బ్రిటన్ యుద్ధ విమానాల విభాగానికి కొన్నిసార్లు అలా ముందుగానే తెలిసేది. నిఘా విమానం తన పని చేస్తూనే తన ఉనికిని చెప్పుకోక తప్పలేదు. నా దృష్టిలో ఈ చరిత్ర అంతటిలోనూ అతి ముఖ్యమైన సంగతి ఇదే, పరిశోధకుడికి ఆధారం దొరికేది కూడా ఇక్కడే.

ప్రతి దాడికీ ముందు నిఘా విమానం వచ్చిందా అని అడిగారు. లేదు. 1940 జూలై 10నాటి సంఘటనలో వచ్చింది. థేమ్స్ నుంచి ఇంగ్లిష్ చానెల్‌లోకి పడమరగా బయల్దేరిన ‘బ్రెడ్’ అనే కాన్వాయ్‌ను ఉదయం యుద్ధ విమానాల కాపలాతో వచ్చిన ఒక డోర్నియర్ 17 చూసింది. మధ్యాహ్నానికి డోర్నియర్ బాంబర్లు వచ్చిపడ్డాయి. ఆకాశంలో పెద్ద పోరాటమే జరిగినా మునిగింది ఒక చిన్న ఓడ మాత్రమే. బ్రిటన్ తన గగనతల యుద్ధం మొదలైన రోజుగా ఆ తేదీనే లెక్కిస్తుంది.

నెల తిరగకుండానే జరిగిన ‘పీవిట్’ కాన్వాయ్ కథ వేరు. ఆగస్టు 7 సాయంత్రం పాతిక దాకా సరుకు ఓడలు, పగటి దాడులు తప్పించుకోవాలని, చీకటిలో డోవర్ జలసంధి దాటడానికి బయల్దేరాయి. ఆవలి ఒడ్డున విస్సాన్ గ్రామం దగ్గర జర్మన్లు పెట్టిన ఫ్రయా రాడార్ వాటిని పసిగట్టింది. తెల్లవారకముందే వేగంగా నడిచే టార్పెడో బోట్లు ఆ వరుసలో పడి ఓడలను ముంచాయి. చెదిరిపోయిన మిగతావాటి మీద ఆగస్టు 8 పగలంతా వైట్ ద్వీపం దక్షిణాన స్టూకా అనే జర్మన్ బాంబర్లు అలలు అలలుగా దూకాయి. మొదటి సమాచారం ఇక్కడ విమానం ఇచ్చింది కాదు. అసలు ఆ జలసంధి ఇరుకైన చోట 33 కిలోమీటర్లే. తెరిపిగా ఉన్న రోజున ఫ్రాన్స్ ఒడ్డునున్న బ్లాంక్ నే కొండ మీద నిలబడితే ఓడలు కంటికే కనబడతాయి. చానెల్‌ను మూసివేసే బాధ్యత అప్పగించిన యోహానెస్ ఫింక్ అనే అధికారి తన కార్యస్థానాన్ని ఆ కొండ మీద, విమాన యాత్రికుడు లూయీ బ్లెరియో స్మారకం దగ్గర, ఒక పాత బస్సులో పెట్టుకున్నది అందుకే.

మూడవ రకం దాడులు కూడా ఉన్నాయి. బాంబులు వేసుకుని బయల్దేరి, తానే ఓడలను వెతికి, దొరికినదాని మీద అక్కడికక్కడే దాడి చేసే విధానాన్ని జర్మన్లు సాయుధ నిఘాగా లెక్కించారు. తూర్పు తీరంలో చలికాలపు దాడులు అనేకం ఇలాంటివే. 1940 ఫిబ్రవరి 3న విట్‌బీ దగ్గర పొలంలో కూలి, ఆ యుద్ధంలో ఇంగ్లండ్ నేల మీద పడ్డ మొదటి శత్రు విమానంగా నిలిచిన హైంకెల్ 111 ఓడల వేటకు వచ్చినదే. అలాంటి దాడికి ముందు వేరే నిఘా విమానాన్ని వెతికితే దొరకదు.

ప్రశ్న: ఈ నిఘా ఎప్పటిదాకా సాగింది?
— ఒక పాఠకుడు, తెనాలి

జవాబు: యుద్ధం చివరిదాకా సాగింది, అయితే తీరు మారిపోయింది. 1940లో యుంకర్స్ 86పి అనే విమానం 12,000 మీటర్ల పైన ఎగిరి ఫోటోలు తీసి వెళ్ళేది. ఆ ఎత్తును అప్పటి బ్రిటిష్ యుద్ధ విమానాలు అందుకోలేకపోయాయి. 1942 సెప్టెంబర్ 12న సౌతాంప్టన్ ప్రాంతం మీద, అనవసరమైన బరువంతా తీసేసిన ఒక స్పిట్‌ఫైర్ 9లో ఇమాన్యుయెల్ గలిట్సిన్ ఆ జాతి విమానాన్ని 13,000 మీటర్ల దాపున ఎదుర్కొన్న తరువాత ఎత్తు ఒక్కటే రక్షణ అనే ధీమా పోయింది. 1943 నాటికి మామూలు నిఘా విమానాలు పగటిపూట బ్రిటన్ తీరం చేరడమే గగనమైంది.

దాని ఫలితం 1944 వసంతంలో కనిపిస్తుంది. ఫ్రాన్స్‌లోని నార్మండీ మీద దాడికి ఓడలు బ్రిటన్ దక్షిణ తీరాన గుమిగూడుతుంటే, డోవర్, గ్రేట్ యార్మత్, లోస్టాఫ్ట్ రేవుల్లోనూ డెబెన్, ఆర్వెల్ నదుల్లోనూ గొట్టాలతో, కాన్వాసు గుడ్డతో చేసిన ఉత్తుత్తి పడవలను మిత్రదేశాలు తేలవేశాయి. దాడి ఫ్రాన్స్‌లోని ‘కాలే’ రేవు దగ్గర జరుగుతుందన్న భ్రమను నిలబెట్టడానికి చేసిన ఏర్పాటు అది. కొద్దిపాటి నిఘా మాత్రమే జరిగే చోట ఇలాంటి మోసం నిలబడుతుంది. రోజూ ఫోటోల జంటను ఎత్తుపల్లాలతో చూపే స్టీరియోస్కోప్ కింద పోల్చి చూసేవాడి ముందు నిలబడదు. బ్రిటన్ అయితే 1941 నుంచి మెడ్‌మెన్‌హమ్‌లో ఒకే కప్పు కింద ఫోటో వ్యాఖ్యాతలను కూర్చోబెట్టి, రోజుల తరబడి మార్పులను వెంటాడింది. జర్మన్ల లోటు కెమెరాల్లో లేదు, కటకాలు చాలా మంచివి. అలా ఒక చోట కూడి వెంటాడే వ్యవస్థలోనే ఉందని నా అభిప్రాయం. 1944 ఆగస్టు 2న ఆరాడో 234 అనే జెట్ విమానం నార్మండీ మీద తొలి నిఘా యాత్ర చేసింది. దాన్ని ఆపగలిగింది దాదాపు ఏదీ లేదు, కానీ అప్పటికి ఆలస్యమైపోయింది.

ప్రశ్న: నేను చరిత్రలో పరిశోధక విద్యార్థిని. ఈ నిఘా మీద పని చేయాలని ఉంది. లుఫ్ట్‌వాఫ కాగితాలు చాలావరకు పోయాయని అంటారు. హైదరాబాద్‌లో కూర్చుని మొదలుపెట్టే వీలుందా?
— ఒక పాఠకుడు, హైదరాబాద్

జవాబు: వీలుంది. అయితే లుఫ్ట్‌వాఫ నుంచి మొదలుపెట్టకండి. యుద్ధం ముగిసే రోజుల్లో వాళ్ళ దస్తావేజులు అధిక భాగం ఆదేశాల మీద తగలబెట్టారు. జర్మనీలోని ఫ్రైబుర్గ్ సైనిక పత్రాగారంలో మిగిలినవి తునకలు. నిఘా చేసినవాళ్ళ దినచర్యలు కాలిపోతే, నిఘాకు గురైనవాళ్ళ కాగితాలు, ఆ నిఘాను చాటుగా విన్నవాళ్ళ కాగితాలు నిలిచాయి. మీ పని బ్రిటన్ ఒడ్డు నుంచి జర్మన్ ఒడ్డుకు నడవాలి.

మొదట ఒకే ఒక కాన్వాయ్‌ను, ఒకే ఒక రోజును ఎంచుకోండి. ‘1940లో నిఘా’ అని విశాలంగా పెట్టుకుంటే ఎక్కడా తేలరు. ఆర్నాల్డ్ హేగ్ అనే పరిశోధకుడు ఏళ్ళ తరబడి కూర్చిన కాన్వాయ్ వివరాలు, అంటే ఏ సంఖ్య కాన్వాయ్ ఏ రోజు బయల్దేరింది, అందులో ఏ ఓడలు ఉన్నాయి, రక్షక నౌకలు ఏవి అన్నవి, ఇప్పుడు ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరుకుతాయి. ఆ తరువాత లండన్ శివారున ‘క్యూ’ అనే చోట ఉన్న బ్రిటిష్ జాతీయ పత్రాగారం. అక్కడ ఏఐఆర్ 27 వరుసలో వైమానిక స్క్వాడ్రన్ల దినచర్యలు, ఏఐఆర్ 50లో పైలట్ల పోరాట నివేదికలు ఉన్నాయి. వీటిని ఇంటి నుంచే దింపుకోవచ్చు. కాన్వాయ్ నాయకుల నివేదికలు, నౌకాదళ స్థావరాల యుద్ధ దినచర్యలు ఏడీఎం 199లో ఉంటాయి, ఒక్కొక్క ఓడ కదలికల కార్డులు బీటీ 389లో ఉంటాయి. పట్టుబడ్డ జర్మన్ విమాన సిబ్బందిని ప్రశ్నించి రాసిన నివేదికల కోసం ఏఐఆర్ 40 చూడాలి. మన విషయానికి ఇవి చాలా విలువైనవి. ఏ దళం, ఏ స్థావరం, ఏ పని మీద బయల్దేరారు, విమానంలో ఏ పరికరాలు దొరికాయి అన్నది వాటిలో ఉంటుంది. 1939 అక్టోబర్ 28న స్కాట్లండ్‌లోని హంబీ దగ్గర కూలిన హైంకెల్ 111 నిఘాకు వచ్చినదే. బ్రిటన్ ప్రధాన భూభాగం మీద దొరికిన మొదటి జర్మన్ విమానం కావడంతో దాన్ని నిపుణులు ఎంతో శ్రద్ధగా పరీక్షించారు.

జర్మన్ వైపు మీకు దక్కిన అదృష్టం నౌకాదళం. 1945 ఏప్రిల్‌లో కోబుర్గ్ దగ్గరి టంబాఖ్ కోటలో జర్మన్ నౌకాదళ పత్రాలు చెక్కుచెదరకుండా బ్రిటిష్ వాళ్ళకు దొరికాయి. నౌకాదళ ప్రధాన కార్యాలయపు యుద్ధ దినచర్యను అమెరికా నౌకాదళం అప్పట్లోనే ఇంగ్లిష్‌లోకి అనువదించింది, ఆ సంపుటాలు ఇంటర్నెట్‌లో ఉన్నాయి. ఉత్తర సముద్రం మీద ఏ రోజు విమాన నిఘా జరిగింది, ఏమి కనబడింది, వాతావరణం బాగాలేక ఏ రోజు జరగలేదు అన్నది అందులో దాదాపు రోజువారీగా వస్తుంది. విమానాలు చాలడం లేదని నౌకాదళం పడ్డ ఆవేదన కూడా పదేపదే వస్తుంది. విమానాలన్నీ తన చేతిలోనే ఉండాలని లుఫ్ట్‌వాఫ అధిపతి గోరింగ్ పట్టుబట్టడంతో వాళ్ళ తీర విమాన దళాలు ఒక్కొక్కటిగా లుఫ్ట్‌వాఫలోకి వెళ్ళిపోయాయి. ఆ పత్రాన్ని చదివేటప్పుడు ఈ తగాదాను మనసులో పెట్టుకోవాలి. కొన్ని వాక్యాలు జరిగినదాన్ని చెప్పడానికి కాక, తప్పు అవతలివాళ్ళదని చూపించడానికి రాసినవి.

లుఫ్ట్‌వాఫ వైపు మిగిలినవాటిలో క్వార్టర్‌మాస్టర్ జనరల్ విభాగపు నష్టాల జాబితాలు ముఖ్యం. ఫలానా తేదీన ఫలానా దళానికి చెందిన ఫలానా రకం విమానం, దాని తయారీ సంఖ్య, నష్టం ఎంత శాతం అని వరుసగా ఉంటాయి. నిఘాకు వెళ్ళి తిరిగి రాని విమానం ఇక్కడ పట్టుబడుతుంది. క్షేమంగా తిరిగి వచ్చిన విమానం ఈ జాబితాలో ఉండదు కాబట్టి, జాబితాలో లేనంత మాత్రాన ఆ రోజు నిఘా జరగలేదని అనుకోకూడదు.

ఫోటోలే కావాలంటే రెండు చోట్లున్నాయి. యుద్ధానంతరం మిత్రదేశాలు చేజిక్కించుకున్న జర్మన్ వైమానిక ఫోటోలు అమెరికాలోని కాలేజ్ పార్క్ జాతీయ పత్రాగారంలో 373వ రికార్డు వర్గంలో, స్కాట్లండ్ రాజధాని ఎడిన్‌బరోలోని జాతీయ వైమానిక ఫోటోల భాండాగారంలో ఉన్నాయి. వాటిని ఊరి పేరుతో కాక అక్షాంశ రేఖాంశాలతో వెతకాలి. ఎక్కువ భాగం తూర్పు యూరప్‌వని తెలుసుకుని దిగితే నిరాశ తగ్గుతుంది. వేలంపాటల్లో అమ్మే ప్రింట్ల మీద ఆధారపడవద్దని గట్టిగా చెబుతాను, ఎందుకంటే వాటి అంచులు కత్తిరించి ఉన్నా, ఎక్కడి నుంచి వచ్చాయో తెలియకపోయినా అవి సాక్ష్యంగా నిలబడవు.

ఇవి చేతికి వచ్చాక చేయవలసింది సరిపోల్చడం. స్థానం విషయంలో జర్మన్ నౌకాదళానిది ఒక గళ్ళ పటం, వైమానిక దళానిది మరొకటి. నౌకాదళ పటంలో ఉత్తర సముద్రం ఏఎన్ అనే పెద్ద గడిలో పడుతుంది, దాన్ని నాలుగంకెల వరకు విభజిస్తూ పోతే మిగిలే చిన్న గడి పక్కకు 6 నాటికల్ మైళ్ళు. అంటే సరిగ్గా రాసిన నివేదికలోనే అంత మేర అస్పష్టత ఉంటుంది. ఇక మబ్బుల సందులోంచి చూసి, తుపాకుల భయంతో తిరిగిపోతున్నవాడు ఓడల సంఖ్యను ఎక్కువ చేసి చెప్పడం, చిన్న రక్షక నౌకను డిస్ట్రాయర్‌గా రాయడం మామూలే. ఆ రోజు మబ్బు ఎంత ఎత్తున ఉందో బ్రిటిష్ వాతావరణ శాఖ దినపత్రాల్లో చూడండి. అవి కూడా ఇంటర్నెట్‌లో ఉన్నాయి.

స్థానం కంటే ఎక్కువ జాగ్రత్త కావలసింది గడియారం దగ్గర. బ్రిటన్ 1940 ఫిబ్రవరి 25 నుంచి గ్రీనిచ్ కంటే గంట ముందు నడిచింది, 1941 మే 4 నుంచి ఆగస్టు 10 వరకు రెండు గంటలు ముందు నడిచింది. జర్మనీ 1940 ఏప్రిల్ 1 నుంచి 1942 నవంబర్ 2 వరకు ఏకధాటిగా రెండు గంటలు ముందే ఉంది. కాబట్టి 1940 జూలైలో రెండు దేశాల గడియారాలకు గంట తేడా, 1941 జూన్‌లో తేడా లేదు, అదే ఏడాది డిసెంబర్‌లో మళ్ళీ గంట తేడా. పైగా కొన్ని నౌకాదళ పత్రాలు గ్రీనిచ్ కాలంలోనే రాసి ఉంటాయి. 1940 జూలైలో ఒక జర్మన్ పత్రం కాన్వాయ్ 11:40కి కనబడిందని చెప్పి, ఒక బ్రిటిష్ పత్రం ఆ కాన్వాయ్ మీద బాంబులు 11:20కి పడ్డాయని చెప్పిందనుకోండి. చూడగానే దాడి తరువాత నిఘా విమానం వచ్చినట్టు తోస్తుంది. రెండింటినీ గ్రీనిచ్ కాలంలోకి మారిస్తే నిఘా 9:40కి, దాడి 10:20కి జరిగాయని, మధ్యలో 40 నిమిషాలు ఉన్నాయని తేలుతుంది. కాబట్టి మీ పట్టికలో మొదటి నిలువు వరుసను గ్రీనిచ్ కాలానికే కేటాయించి, పత్రంలో ఉన్న కాలాన్ని దాని పక్కనే ఉన్నదున్నట్టుగా రాసుకోండి.